బుట్ట గీయని బొమ్మ

కాలేజీలో ఆయన్ని ఎదురుగా సార్ అనేవాళ్లు, పక్కకి తిరగగానే నిచ్చెన మాస్టారు అనేవాళ్లు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. ఆరడుగుల నాలుగంగుళాల మనిషికి ఆ మాత్రం పేరు రాకుండా ఉంటుందా? పేరొక్కటేనా, ఆయనకి ఉద్యోగం ఇప్పించిందీ ఆ ఎత్తే.

మొదట్లో ఆయన ఆ కాలేజీ లైబ్రరీలో గుమాస్తా. స్టూలు ఎక్కకుండా పై అరలోని పుస్తకం తీసివ్వడం తప్ప మరో ప్రత్యేకత లేని మనిషి. ఒకరోజు పొద్దున్నే అప్పటి ప్రిన్సిపాల్ లైబ్రరీలోకి వచ్చి, ఆయన్ని ఎగాదిగా చూసి, "రేపట్నించి ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టుని నువ్వు చూసుకోవయ్యా" అన్నాడు. అంతకుముందున్న కోచ్ చెప్పాపెట్టకుండా మానేసి పోయాడట.

"నాకా ఆట రాదండీ."

"అంత ఎత్తు పెట్టుకుని రాదంటావేంటి?"

దానికి జవాబేమిటో ఆయనకి తోచలేదు. ఈ లోకంలో చాలా ప్రశ్నలకి ఆయనకి జవాబు తోచేది కాదు. తోచనప్పుడు తల ఊపడం అలవాటు. అప్పుడూ ఊపాడు. ఆ ఊపిన తల ముప్ఫై ఏళ్లపాటు ఆయన్ని రేకుల షెడ్డులో కట్టిపడేసింది.

తన లైబ్రరీలోనే నియమాల పుస్తకం ఒకటి దొరికింది. పదకొండేళ్లుగా ఎవరూ దాన్ని ఇంటికి తీసుకెళ్లలేదు. మూడుసార్లు చదివాడు. చదివిన కొద్దీ తికమక ఎక్కువైంది. మొదటి వారం విజిల్ ఎప్పుడు ఊదాలో తెలియక, పిల్లలందరూ తనవైపు చూసినప్పుడల్లా ఊదేవాడు. చివరికి వాళ్లే జాలిపడి, "సార్, ఇప్పుడు ఊదండి" అని చెప్పడం మొదలుపెట్టారు. అలా నేర్చుకున్నాడు పాపం, ఎవరికి నేర్పాలో వాళ్ల దగ్గరే.

ఆ షెడ్డు గురించి కూడా చెప్పాలి. పైన రేకులు, కింద చెక్క నేల. ఎడమవైపు బుట్ట కింద మూడు చెక్కలు వదులు, అక్కడ పడ్డ బంతి లేవదు. వాన పడితే మధ్యగీత మీద ఒక బకెట్ పెట్టాలి. జనం నిండితే రేకుల కింద గోల ఎంతంటే, పక్కవాడి చెవిలో అరిచినా సైగ చేసినట్టే ఉండేది. అందుకే మాస్టారు మాటల మీద ఆశ వదిలేసి నోటుబుక్కులు పట్టుకున్నాడు.

మ్యాచ్ మధ్యలో నిమిషం విరామం దొరికినప్పుడల్లా ఒక పేజీ. అమ్మాయిలందరికీ సున్నాలు. జట్టులో అందరికంటే పొడుగమ్మాయికి ఇంటూ గుర్తు. కెప్టెన్‌కి మధ్యలో చుక్క పెట్టిన సున్నా. ఎవరు ఎటు పరిగెత్తాలో బాణం గీతలు. అంతే. బంతి వేయాల్సిన బుట్టని మాత్రం ఎప్పుడూ గీసేవాడు కాదు. పేజీ పైభాగమే బుట్ట. అది కూడా చెప్పాలా ఏమిటి, అరలో పుస్తకం ఎటు నిలబడాలో ఎవరైనా చెబుతారా అని ఆయన ధీమా. బుట్టకి ఎదురుగా నేలమీద చతికిలబడి, నోటుబుక్కు ముందు పెట్టుకుని గీసేవాడు. పిల్లలు వెనకనుంచి ఆయన భుజాల మీదుగా వంగి చూసేవాళ్లు. ఎనిమిదేళ్లు ఆ పద్ధతి బాగానే సాగింది. బాగానే అంటే, ఓడిపోతూ సాగింది.

ఎనిమిదో ఏడు కెప్టెన్‌గా ఒక అమ్మాయి వచ్చింది. అయిదడుగులు ఉందో లేదో. కానీ మైదానంలో దిగితే అవతలి వాళ్ల కళ్లల్లో నీళ్లు తిరిగేవి. అందుకని తోటి పిల్లలు మిరియం అని పేరు పెట్టారు. ఈ మిరియంతో మాస్టారికి ఒకటే ఇబ్బంది. ఏం చెప్పినా "ఎందుకు సార్?" అనేది.

"ఎడమ చేత్తో బంతి కొడుతూ పది రౌండ్లు పరిగెత్తు."

"ఎందుకు సార్?"

పుస్తకంలో అలా రాసుంది గనక. ఆ మాట చెప్పలేడు కదా. ముఖం ముడుచుకుని, "చెప్పింది చెయ్యమ్మా" అనేవాడు. ఆ పిల్ల చేసేది కూడా, పది చెబితే పన్నెండు. అయినా ఆ "ఎందుకు" ఆయనకి చెవిలో జోరీగలా ఉండేది. తనకి ఆట రాదన్న సంగతి ఈ పిల్ల పసిగట్టిందనీ, పదిమందిలో బయటపెట్టాలని చూస్తోందనీ అనుమానం. అనుమానం పెద్ద చెడ్డది. ఒకసారి లోపలికి వచ్చాక కుర్చీ వేసుకుని కూర్చుంటుంది.

ఆ ఏడే, ఎలా గెలిచారో ఎవరికీ అర్థం కాకుండా, జట్టు కాలేజీల పోటీల్లో ఫైనల్ దాకా వచ్చింది. ఫైనల్ వీళ్ల షెడ్డులోనే. నాలుగు రోజుల ముందు మాస్టారు వాన బకెట్ పక్కన కాలు జారి పడ్డాడు. మోకాలు వాచి మడత పడటం మానేసింది. అరిచి అరిచి గొంతు కూడా బొంగురుపోయింది. నేలమీద చతికిలబడే పరిస్థితి లేదు గనక, గోడకి ఆనించి ఒక ప్లాస్టిక్ కుర్చీ వేశారు.

ఇంక పదకొండు సెకన్లు ఉందనగా ఒక్క పాయింటు వెనక. మాస్టారు విరామం అడిగాడు. పిల్లలు పరిగెత్తుకొచ్చి కుర్చీ చుట్టూ, ఆయనకి ఎదురుగా నిలబడ్డారు. ఒళ్లో నోటుబుక్కు. రేకులు ఎగిరిపోతాయేమో అన్నంత గోల. గబగబా గీశాడు. పొడుగమ్మాయి బుట్ట కిందకి దూసుకెళ్లాలి, బంతి ఆమెకి అందాలి. మిరియం వెనక, మధ్యగీత దగ్గర కాపలా ఉండాలి. బంతి లోపలికి విసిరే అమ్మాయిని గీయలేదు, ఆమె ఎక్కడ నిలబడాలో రిఫరీ చెబుతాడు. పెన్సిల్‌తో ఇంటూ గుర్తు మీద రెండుసార్లు పొడిచి చూపించాడు. మిరియం నోరు తెరిచింది, ఎందుకని అడగడానికే కాబోలు. ఈలోగా గంట మోగింది.

తర్వాత జరిగింది చూసి మాస్టారికి అరికాలి మంట నెత్తికెక్కింది. పొడుగమ్మాయి బుట్ట కింద నుంచి బయటికి, మధ్యగీతవైపు పరిగెడుతోంది. ఆమెని కాచుకున్న అవతలి జట్టువాళ్లు ఇద్దరూ ఆమె వెనకే పరిగెత్తారు. అందరికంటే పొట్టిగా ఉన్న మిరియం ఖాళీగా ఉన్న బుట్ట కింద ఒంటరిగా నిలబడింది. తను చెప్పిందానికి సరిగ్గా తలకిందులు. "ఏయ్" అని అరవబోయాడు, గొంతు రాలేదు. బంతి మిరియం చేతికొచ్చింది. బుట్టలో పడింది. గెలిచారు.

ఎవరెవరో వచ్చి ఆయన్ని భుజాలకెత్తుకున్నారు, ఆ వాచిన మోకాలితో సహా. పేపరు విలేకరి వచ్చి, ఇంత విచిత్రమైన ఎత్తు ఎలా తట్టిందండీ అని అడిగాడు. మాస్టారు నీళ్లు నమిలాడు. పక్కనున్న ప్రిన్సిపాల్, "అంతా మా మాస్టారి బుర్రేనండీ" అన్నాడు. మర్నాడు పేపర్లో అదే వచ్చింది. నెల తిరక్కుండా ఆయన ఉద్యోగం ఖాయమైంది. ఆ ఎత్తుకి నిచ్చెన మెలిక అని పేరు పడింది. పక్క కాలేజీలవాళ్లు కూడా నేర్చుకున్నారు.

మనిషికి సంతోషం ఉండాలి కదా. లేదు. తన మాట కాదని ఆ పిల్ల సొంతంగా ఆడింది, ఆడి గెలిపించింది, పేరు తనకొచ్చింది. ఇవి మూడూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తే ఆయనకి లెక్క కుదిరేది కాదు. మరి ఆ పిల్ల పైకి ఎందుకు చెప్పదు? తనని ఆడిస్తోందా? మూడో రోజు ప్రాక్టీసులో మిరియం తనంతట తనే వచ్చింది.

"ఆ రోజు మీరు గీసింది చూసి నాకసలు అర్థం కాలేదు సార్. పొడుగక్కని బయటికి పంపుతారేంటి అనుకున్నా. చేశాక తెలిసింది."

పిల్ల కళ్లు మెరుస్తున్నాయి. వెటకారం చేస్తోందనుకున్నాడు మాస్టారు. "సరే, వెళ్లి పరిగెత్తు" అన్నాడు. ఇంత తేటగా చెబితే కూడా ఎక్కని బుర్రని ఏమనాలి? నేనైతే ఏమీ అనను. మనం మాత్రం మన అనుమానాలకి తగ్గట్టు మాటలు వినలేదా ఎప్పుడూ?

మూడు నెలలకి పై స్థాయి జట్టుని ఎంపిక చేసేవాళ్ల దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. మీ కెప్టెన్ మా పరిశీలనలో ఉంది, ఆమె గురించి మీ అభిప్రాయం రహస్యంగా రాసి పంపండి అని. మాస్టారు లైబ్రరీలో తన పాత బల్ల దగ్గర కూర్చుని, కార్బన్ పెట్టి రాశాడు: "ఆట చాలా బాగుంటుంది. అయితే కోచ్ మాట వినదు. కీలక సమయంలో తన ఇష్టం వచ్చినట్టు ఆడుతుంది." పగ పట్టి రాయలేదు. నిజమనుకునే రాశాడు. పైగా, తనని గెలిపించిన పిల్ల గురించి కూడా ఉన్నదున్నట్టు రాశానని కాస్త గర్వపడ్డాడు కూడా.

జాబితా వచ్చింది. మిరియం పేరు లేదు. ఆ పిల్ల షెడ్డులోకి వచ్చి, బంతి చంకలో పెట్టుకుని, "ఎందుకు సార్?" అని అడిగింది.

"అలా అవుతుంటాయమ్మా" అన్నాడు.

ఆమె తలూపి వెళ్లిపోయింది. చదువు కాగానే ఊరి చివర ఒక చిన్న బడిలో వ్యాయామం టీచరుగా చేరిందని తెలిసింది.

ఆ తర్వాత ఇరవై రెండేళ్లు ఎలా గడిచాయో అడిగితే మాస్టారు సరిగ్గా చెప్పలేడు. కొన్ని గెలిచాడు, ఎక్కువ ఓడాడు. ఎంతోమంది పిల్లలు వచ్చారు, వెళ్లారు, దారిలో కనిపిస్తే స్కూటర్ ఆపి పలకరించారు. జుట్టు నెరిసింది. వాన బకెట్ రెండుసార్లు మారింది. మోకాలు బాగుపడ్డాక మళ్లీ నేలమీదే కూర్చుని గీశాడు. ప్రతి ఏడూ కొత్త పిల్లలు నిచ్చెన మెలిక నేర్పమంటే నేర్పేవాడు. నేర్పిన రోజు ఇంటికొచ్చి ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఆయన భార్య బడిపిల్లల యూనిఫారాలు కుట్టేది. "ఏమైందండీ" అని మిషను ఆపి అడిగేది. "ఏం లేదు" అనేవాడు. ఆవిడ మళ్లీ మిషను తొక్కుకునేది.

రిటైరవడానికి పదిరోజులు ఉందనగా ఇప్పటి ప్రిన్సిపాల్ మేడం గదికి పిలిచింది. ఆయన స్థానానికి ఇద్దరు దరఖాస్తు పెట్టుకున్నారు. ఒకరు మిరియం.

"ఆవిడ పనిచేసే బడి వచ్చే నెల మూసేస్తున్నారట సార్. అర్హతలన్నీ ఉన్నాయి. నాకైతే ఆవిడే నచ్చింది. కానీ పాత ఫైల్లో ఇది దొరికింది" అంటూ పసుపు పచ్చబడిన కార్బన్ కాపీ ముందుకు జరిపింది. "మాట వినని మనిషిని పిల్లల మీద ఎలా పెడతామని కమిటీవాళ్లు పట్టుబట్టారు. ఇది మీరు రాసిందేనా?"

"నేనే."

"ఇప్పటికీ ఇదే మాటా? రేపు పదింటికి ఆవిడ ఇంటర్వ్యూ. ఆలోపు మీరు అవునంటే అవును, కాదంటే కాదు."

మాస్టారు అలవాటుగా తలూపి, ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని బయటికొచ్చాడు. నడుస్తున్నాడే గానీ కాళ్లెటు పోతున్నాయో తెలియడం లేదు. అవునంటే ఆ మనిషి నోటి దగ్గర కూడు తీసేసినట్టు. కాదంటే అబద్ధం. పోనీ జరిగిందంతా చెబుదామా అంటే, ఇన్నేళ్లూ పరాయి సొమ్ములా మోసిన పేరు నడిబజారులో దించినట్టు. ఒకే దారిలో రెండుసార్లు తిరిగి, మూడోసారికి ఇల్లు చేరాడు.

బీరువా మీదున్న నోటుబుక్కులన్నీ కిందకి దించాడు. ఆ రోజు పేజీ వెతికి పట్టుకున్నాడు. చూసి తేల్చుకోవాలనిపించింది. ఇంటూ గుర్తు, పైకి బాణం, చుక్క సున్నా కింద. తను చెప్పింది ఇంత స్పష్టంగా ఉంటే ఎందుకలా చేసింది? భార్య గుడ్డలు కత్తిరించే బల్లకి అవతల కూర్చుని, మెడలో టేపుతో, చొక్కా చేతులు కత్తిరిస్తోంది. ఆయన బల్లకి ఇవతల. మధ్యలో నోటుబుక్కు.

"ఏంటండీ అది?"

"ఆ ఫైనల్‌లో నేను గీసిన బొమ్మ."

ఆవిడ కత్తెర ఆపి, ఉన్నచోటు నుంచే మెడ సాచి చూసింది. "ఈ ఇంటూ గుర్తు పిల్ల బుట్ట దగ్గర్నుంచి బయటికి పోవాలన్నమాట. చుక్క పిల్ల బుట్ట కింద. అదేగా మీ మెలిక?"

"కాదు. ఇంటూ పిల్ల బుట్ట దగ్గరికి వెళ్లాలి."

"మరి బుట్టేది?"

"పైన."

"ఎవరికి పైన? నాకు పైన ఇటుంది" అని పేజీ అడుగుభాగం మీద వేలు పెట్టింది. "నేను ముక్క కత్తిరిస్తే మెడ ఎటో సుద్దతో గుర్తు పెట్టుకుంటాను. లేకపోతే కుట్టేవాళ్లు తిరగేసి కుడతారు. మీరు ఆ మాత్రం గుర్తు పెట్టలేదేం?"

మాస్టారు లేచి, బల్ల చుట్టూ తిరిగి, భార్య పక్కకి వెళ్లి నిలబడి చూశాడు. మళ్లీ ఇవతలికి వచ్చి చూశాడు. మళ్లీ అవతలికి వెళ్లాడు. ప్లాస్టిక్ కుర్చీ, వాచిన మోకాలు, ఎదురుగా నిలబడ్డ పిల్లలు గుర్తొచ్చారు. ఆ పిల్ల మాట విన్నది. తనేది చూపించాడో పొల్లుపోకుండా అదే చేసింది. అర్థం కాకపోయినా, ఎందుకని అడిగే వ్యవధి లేకపోయినా, సార్ చెప్పాడు కదా అని చేసింది. ఆయన అక్కడే గుడ్డ ముక్కల మీద కూలబడి ఏడ్చాడు. భార్యకి ఏమీ అర్థం కాక, టేపు తీసి పక్కన పెట్టి, వీపు నిమిరింది.

మర్నాడు తొమ్మిదిన్నరకే మిరియం ప్రిన్సిపాల్ గది బయట బెంచీ మీద ఉంది. కణతల దగ్గర తెల్లవెంట్రుకలు. ఒళ్లో ఫైలు. ఆయన్ని చూసి లేచి నిలబడింది.

"కూర్చోమ్మా. నీకొకటి చూపించాలి."

నోటుబుక్కు అందుకోగానే ఆమె ముఖం వెలిగింది. "ఈ పేజీ ఇంకా దాచారా సార్?" అంటూనే, ఎవరూ చెప్పకుండా, దాన్ని తలకిందులుగా తిప్పి పట్టుకుంది. ఆ రోజు తనకి కనిపించిన వైపుకి.

మాస్టారు ఆ చేతుల్నే చూస్తూ ఉండిపోయాడు. ఇంక చూపించాల్సింది ఏముంది? "నేను గీసింది ఇటు కాదమ్మా" అన్నాడు. ఆమె మొదట నవ్వింది, హాస్యమాడుతున్నాడనుకుని. ఆయన నవ్వలేదు. అప్పుడు పుస్తకం అటోసారి ఇటోసారి తిప్పి చూసింది. "అంటే మీరు అనుకుంది ఇంకోటి. నేనేదో చేసేశాననుకున్నారు. అంతేగా సార్? పోన్లెండి, గెలిచాంగా."

ఆయన కార్బన్ కాపీ తీసి ఇచ్చాడు.

ఆమె చదివింది. తేదీ చూసింది. మళ్లీ మొదటినుంచి చదివింది. కాగితాన్ని ఎలా మడిచి ఉందో అలాగే మడిచింది. కారిడార్‌లో ఎవరో కుర్చీలు లాగుతున్నారు.

"రోజుకి పదిసార్లు ఎందుకని అడిగేదాన్ని మిమ్మల్ని. మీరు ఒక్కసారి నన్ను అడగలేకపోయారా సార్?"

ఈసారి ఆయన తల ఊపలేదు. లోపలికి వెళ్లి, కమిటీలో ఉన్న ముగ్గురి ముందూ మొత్తం చెప్పాడు. కుర్చీ, మోకాలు, బొమ్మ, ఉత్తరం. వాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

"అయితే నిచ్చెన మెలిక మీది కాదా?" అని వాళ్లలో పెద్దాయన అడిగాడు.

"నాది కాదండీ. అలాగని ఆ అమ్మాయిదీ కాదు. ఎవరిదో నాకూ తెలియదు." తర్వాత కాగితం అడిగి అక్కడే రాశాడు. "ఈమె కోచ్ మాట వింటుంది. నేను తలకిందులుగా చెప్పినా విన్నది. వినని మనిషిని నేను." సంతకం పెట్టాడు.

ఉద్యోగం మిరియానికి వచ్చింది. ఆ మాట ఆయనకి ఆమె చెప్పలేదు, మేడం చెప్పింది.

మొదటి ప్రాక్టీసు రోజు ఉండబట్టలేక షెడ్డుకి వెళ్లాడు. వెళ్లొచ్చో వెళ్లకూడదో తెలియక గుమ్మంలో కాసేపు నిలబడి, చివరికి జనం కూర్చునే మెట్లలో ఆఖరి వరసలో కూర్చున్నాడు. మిరియం ఆయన్ని చూసింది, పలకరించలేదు. పిల్లల్ని పిలిచి, తెల్లబోర్డు వాళ్లవైపు తిప్పి, అందరికంటే ముందు ఒక బుట్ట బొమ్మ గీసింది. తర్వాతే సున్నాలు. గీయడం అయ్యాక ఒక్కొక్కరినే వేలితో చూపిస్తూ, "నువ్వేం చెయ్యాలి? నీకేం అర్థమైంది? నువ్వు చెప్పు" అని అడిగింది. చివరి పిల్ల చెప్పేదాకా ఎవర్నీ కదలనివ్వలేదు. ముప్ఫై ఏళ్లలో ఆ మాట ఆయన ఒక్కరినీ అడగలేదు.

ఇది తన దగ్గర నేర్చుకుందా, తనకి నేర్పుతోందా? ఆయనకి తేలలేదు. లేచి వెళ్లిపోదామా అనుకుంటూ ఉంటే, మిరియం బోర్డుని రెండు చేతులా ఎత్తి మెట్లవైపు తిప్పింది.

"సార్, మీకు అక్కడ్నించి ఏం కనిపిస్తోంది?"

గౌరవంతో అడిగిందో, దెప్పిపొడిచిందో ఆయనకి అర్థం కాలేదు. పిల్లలంతా వెనక్కి తిరిగి చూస్తున్నారు. కళ్లజోడు సవరించుకుని, బోర్డు మీదున్నదంతా చూసి, ముందుగా బుట్ట ఎటుందో చెప్పడం మొదలుపెట్టాడు.